నక్కలమడుగు వేలం

మా నాన్న జక్రయ్య గొంతుకి మైకు అక్కర్లేదు. కోతల పండగ రోజు మా పాలెం గుడి ముందు నిలబడి "గుమ్మడికాయ, రెండోసారి" అన్నాడంటే మిరపచేల అవతల పెద్దూళ్ళో వాళ్ళకి కూడా రేటు తెలిసిపోతుంది. చిన్నప్పుడు ఆ గొంతు నాకు గొప్ప. పోయిన ఆగస్టు నుంచి మొన్నటి ఆదివారం దాకా మాత్రం అది చెవిన పడితే చాలు, ఒళ్ళు మండిపోయేది. ఆయన మీద ఎంత కోపమో, నా మీద నాకు అంతకంటే ఎక్కువ కోపం. ఎందుకో చెప్పాలంటే ముందు కోతల పండగ సంగతి చెప్పాలి.

మొదటి కోత మిరపకాయ ఇళ్ళకి చేరాక, ఫిబ్రవరిలో ఒక ఆదివారం మా గుడిలో, అంటే చర్చిలో, ఈ పండగ చేస్తాం. ఎవరింట్లో ఏది ఉంటే అది తెచ్చి బల్ల మీద పెడతారు. గుమ్మడికాయ, కోడిపుంజు, బుట్టెడు కందులు, మొదటి కాపు మిరపకాయలు. ఆరాధన అయ్యాక మా నాన్న ఒక్కొక్కటీ వేలం వేస్తాడు, డబ్బు గుడికి పోతుంది. మా పాలెంలో ఇంకో ఆనవాయితీ ఉంది. పెద్ద రేటుకి పాడినవాడు వస్తువుని ఇంటికి తీసుకెళ్ళడు. డబ్బు కట్టి, వస్తువు మళ్ళీ బల్ల మీదే పెడతాడు. దాన్ని మళ్ళీ పాడతారు. ఒక్క గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోయి, సాయంత్రానికి ఏ దిక్కులేని ముసలమ్మ ఇంటికో ఉత్తినే చేరుతుంది. అందుకే మా పాలెంలో పుట్టినవాళ్ళకి వేలం అంటే భయం లేదు. రేటు ఎంత పెరిగితే అంత సంతోషం, వస్తువు ఎటూ పోదు.

పెద్దూరి రైతు శివరామకృష్ణ గారు పదిహేనేళ్ళుగా ఈ పండక్కి వస్తున్నారు. అందరూ ఆయన్ని బాబుగారు అంటారు. మా వాళ్ళలో సగం మంది ఆయన మిరపచేలకే కూలికి వెళతారు. ఆయన గుడికి రావడం మాకు గౌరవం, రావడం ఆయనకి సరదా. రెండేళ్ళ కిందట గుమ్మడికాయకి పదివేలు పాడి, నవ్వుతూ తిరిగి బల్ల మీద పెట్టారు. పాలెం పాలెమంతా చప్పట్లు కొట్టింది. నేనూ అరచేతులు ఎర్రబడేలా కొట్టాను.

ఇక మడుగు. పాలేనికి పడమరగా ఇరవై ఎనిమిది ఎకరాల చిత్తడి నేల, పేరు నక్కలమడుగు. రికార్డుల్లో ప్రభుత్వ పోరంబోకు. చుట్టూ నల్లరేగడిలో పత్తి, మిరప. మధ్యలో నీళ్ళు, నీళ్ళలో మనిషి ఎత్తున జమ్ము గడ్డి. ఆ జమ్ముకి తమలపాకు తోటల్లో గిరాకీ ఉంది. తమలపాకు తీగని అవిసె చెట్టుకి కట్టాలంటే నైలాన్ దారం పనికిరాదు, లేత తీగ తెగిపోతుంది. ఎండబెట్టిన జమ్ము అయితే మెత్తగా పట్టుకుంటుంది. మిరపకోతలు అయిపోయి ఏప్రిల్, మే నెలల్లో ఎక్కడా పని దొరకనప్పుడు, మా ఆడవాళ్ళు మోకాలి లోతు బురదలో దిగి జమ్ము కోసి, ఆరబెట్టి, మోపులు కట్టి పొన్నూరు వైపు తోటలకి అమ్ముకుంటారు. మా అమ్మ రెబ్కా ముప్పై ఏళ్ళుగా కోస్తోంది. నా డిగ్రీ మూడేళ్ళూ ఆ మోపుల మీదే గడిచింది. ఆ రెండు నెలలు మడుగు లేకపోతే పాలెంలో పొయ్యి వెలగదు.

ఆ డిగ్రీతోనే నాకు మా గ్రామ సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చింది. పోయిన జూన్‌లో పైనుంచి ఒక ఫారం వచ్చింది. వాడకంలో లేని తడి భూములని ప్రభుత్వం వేలం వేసి, వచ్చిన డబ్బులో అరవై శాతం ఆ ఊరి మంచినీళ్ళకే ఖర్చు పెడుతుందట, మిగతాది రాష్ట్ర ఖజానాకి పోతుందట. నక్కలమడుగు ఆ జాబితాలో ఉంది. ఫారంలో పధ్నాలుగు గడులు. తొమ్మిదో గడి దగ్గర నా చెయ్యి ఆగింది. ఈ భూమిపై ఆధారపడి జీవిస్తున్న కుటుంబాల సంఖ్య ఎంత అని అడుగుతోంది.

పక్క కుర్చీలో ఉన్న వీఆర్వో బుల్లయ్య గారిని అడిగాను.

"అడంగల్లో ఎవరి పేరన్నా ఉందా?" అన్నారు ఆయన, ఫోన్‌లోంచి తల ఎత్తకుండా.

"లేదండి. కానీ మావాళ్ళు జమ్ము కోసుకుంటారు కదండీ."

"పట్టా ఉందా, లైసెన్సు ఉందా? ఏదీ లేనోళ్ళని ఏమని చూపిస్తావమ్మా? రేపు పైనుంచి ఎంక్వయిరీ వస్తే నువ్వే చెప్పుకోవాలి. సున్నా కొట్టెయ్. మధ్యాహ్నంలోగా పంపమంటున్నారు."

కొట్టేశాను. భయపడ్డానని చెప్పుకుంటే కాస్త మర్యాదగా ఉంటుంది గానీ, నిజం అది కాదు. ఆ పూట నా ముందు ఇంకా పదకొండు ఫారాలు ఉన్నాయి. ఇదొకటి వదిలిపోతే చాలనుకున్నాను. ఇంట్లో దూలానికి వేలాడుతున్న జమ్ము మోపు కిందే అన్నం తిని వచ్చిన మనిషిని, సున్నా కొట్టేసి పదో గడిలోకి వెళ్ళిపోయాను.

జులైలో గ్రామసభ పెట్టారు. తాసిల్దారు నసీమున్నీసా మేడం వచ్చారు. ఆవిడ అబద్ధం ఏమీ చెప్పలేదు. పాలెం బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయని, పిల్లల పళ్ళు గారపడుతున్నాయని, కూలి డబ్బులో రోజుకో ఇరవై నీళ్ళ టిన్నుకే పోతోందని ఆవిడకి తెలుసు. "మడుగు ఎంత ఎక్కువకి పోతే మీ నీళ్ళ పథకం అంత బాగా వస్తుంది. అమ్మాక మాత్రం అది కొన్నవాళ్ళ సొంతం. తర్వాత నన్ను అడిగి లాభం లేదు. బాగా ఆలోచించుకోండి" అన్నారు.

అందరికంటే ముందు చెయ్యి ఎత్తింది మా నాన్నే.

ఇంటికొచ్చాక ఊరుకోలేక అడిగాను. "నాన్నా, కొన్నాయన మనల్ని మడుగులోకి రానివ్వకపోతే?"

"బాబుగారు కొంటారంటున్నారే. ఆయన గుమ్మడికాయనే ఇంటికి తీసుకెళ్ళడు. మడుగుని తీసుకెళ్ళి ఏం చేసుకుంటాడు? డబ్బు కడతాడు, మనకి నీళ్ళొస్తాయి, జమ్ము మనం కోసుకుంటాం."

అమ్మ పొయ్యి దగ్గర నుంచి, "మడుగూ గుమ్మడికాయా ఒకటేనంటయ్యా?" అంది. నాన్న వినిపించుకోలేదు. నేను వినిపించుకున్నా ఏమీ అనలేదు. అంటే తొమ్మిదో గడి గురించి కూడా చెప్పాల్సి వస్తుంది.

ఆగస్టులో వేలం. సచివాలయం ముందు షామియానా వేశారు, మైకు పెట్టారు. మొదలుపెట్టే వేళకి కరెంటు పోయింది. బుల్లయ్య గారు అటూ ఇటూ తిరిగి, "జక్రయ్యా, నువ్వే రావయ్యా. నీకు మైకెందుకు" అన్నారు. నాన్న తలపాగా విప్పి భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. ప్రభుత్వం తనని పిలిచిందన్న సంబరం ఆయన మొహంలో దాగలేదు. నేను పక్కన బల్ల దగ్గర కూర్చుని ఎవరెంతకి పాడారో రాస్తున్నాను.

చివరికి ఇద్దరు మిగిలారు. ఒకరు బాబుగారు. రెండో ఆయన గౌస్ బాషా, బాపట్ల వైపు చేపల వ్యాపారి. అంతకు ముందు వారమే ఆయన పాలెం వచ్చి మా అరుగు మీద టీ తాగి వెళ్ళాడు. "నాక్కావాల్సింది నీళ్ళు. చేపలు వేసుకుంటాను. గట్టెంబడి జమ్ము మీరు కోసుకుంటే నాకేం అడ్డం?" అన్నాడు. ఆ మాట మా నాన్న కూడా విన్నాడు.

గౌస్ బాషా ఎకరం పన్నెండు లక్షలకి పాడాడు. నాన్న ఒకటోసారి అన్నాడు. రెండోసారి అన్నాడు. అక్కడితో మూడోసారి కూడా అనేస్తే ఈ కథే లేదు. కానీ బల్ల మీద వస్తువు చవగ్గా పోతుంటే మా నాన్నకి నోరు ఊరుకోదు. బాబుగారి వైపు తిరిగి, "ఏంటి బాబుగారూ, గుడి గుమ్మడికాయకే పదివేలు పాడినోరు. పాలెం మంచినీళ్ళకి వెనకాడతారా?" అన్నాడు. జనం గొల్లున నవ్వారు. బాబుగారు కూడా నవ్వి పదమూడు అన్నారు. గౌస్ బాషా పదమూడున్నర. నాన్న గొంతు పెద్దూరి దాకా మోగుతోంది. పదహారు దగ్గర గౌస్ బాషా చేతిరుమాలు మడిచి జేబులో పెట్టుకుని, "నాకు గిట్టదు భాయ్" అని లేచి వెళ్ళిపోయాడు.

మూడోసారి అన్నాక పాలెం చప్పట్లు కొట్టింది. నాన్న బల్ల దగ్గర నుంచి కదలలేదు. నవ్వు మొహంతో బాబుగారినే చూస్తూ నిలబడ్డాడు. ఆయన వచ్చి తిరిగి ఇస్తున్నానని చెబుతాడని ఎదురు చూస్తున్నాడు. ఆ సంగతి తెలిసి నేను తల తిప్పుకున్నాను. బాబుగారు సంతకం చేసి, మేడంకి దణ్ణం పెట్టి, కారెక్కి వెళ్ళిపోయారు.

"కాగితాలు అయ్యాక చెప్తాడులే" అన్నాడు నాన్న, దారిలో.

అక్టోబరులో మడుగు చుట్టూ ముళ్ళకంచె వచ్చింది. నవంబరులో అమ్మ గేదెకి గడ్డి కోసం వెళితే కాపలా ఉన్న పీరు అడ్డుపడ్డాడు. పీరు కూడా కూలోడే, మాతో పాటు మిరపకాయలు కోసినోడే. "రమ్మనాలనే ఉంది వదినా. కెమెరా పెట్టారు" అని తలొంచుకున్నాడట. డిసెంబరులో పాలెంలో ఇంటింటికీ కుళాయి వచ్చింది. ప్రభుత్వం మాట తప్పలేదు. నీళ్ళు తియ్యగా ఉన్నాయి. తాగిన ప్రతిసారీ నాకు మాత్రం కోపం వచ్చింది, ఎవరిమీద చూపించాలో తెలియక గ్లాసుని గట్టిగా కింద పెట్టేదాన్ని.

జనవరిలో గ్రావెల్ లారీలు మొదలయ్యాయి. అక్కడ మిరపకాయలకి కోల్డ్ స్టోరేజీ కడతారట. ఉత్తరం మూల నుంచి పూడ్చుకుంటూ వస్తున్నారు. సచివాలయం కిటికీలోంచి లారీలు కనపడతాయి. ఒకటి పోతే ఒకటి. నేను కూర్చోలేకపోయేదాన్ని. లేచి నీళ్ళు తాగడం, మళ్ళీ కూర్చోవడం, ఆ ఫారం తెరిచి చూడడం. తొమ్మిదో గడి మీద తాళం బొమ్మ ఉండేది, మార్చడానికి లేదు. ఎన్ని లారీలు వెళ్ళాయో లెక్కపెట్టి, ఏప్రిల్‌కి ఇంకా ఎన్ని వారాలుందో లెక్కపెట్టి, నన్ను నేను తిట్టుకునేదాన్ని. నాన్న రెండుసార్లు బాబుగారింటికి వెళ్ళాడు. రెండుసార్లూ మిరప ధర గురించి మాట్లాడి తిరిగొచ్చాడు. అడగలేదా అంటే, "పెద్దాయన, ఆయనకే తెలియాలి" అన్నాడు. ఆ గొంతు పాలెం దాటిపోతుంది గానీ, ఆ ఇంటి వరండాలో పెగల్లేదు.

మొన్న ఆదివారం కోతల పండగ. బాబుగారు వచ్చారు. ఎందుకు రారు? ఆయన లెక్కలో ఆయన తప్పేమీ చెయ్యలేదు. మా పాస్టరు ఇమ్మానియేలు గారు ఎప్పటిలాగే ముందు కుర్చీ వేయించారు. గుమ్మడికాయ పాట అయింది, ఆయనే పాడారు, తిరిగి పెట్టారు. చప్పట్లు పడ్డాయి గానీ పలచగా పడ్డాయి.

తర్వాత అమ్మ లేచింది. దూలానికి వేలాడదీసిన జమ్ము మోపు తెచ్చి బల్ల మీద పెట్టింది. పోయిన వేసవిది, పాలెంలో మిగిలింది అదొక్కటే. నాన్న దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత దగ్గి, "జమ్ము మోపు" అన్నాడు. గొంతు గుడి గోడ కూడా దాటలేదు.

"ఐదు వేలు" అన్నారు బాబుగారు వెంటనే. ఎవరూ పై పాట పాడలేదు. ఆయన డబ్బు ఇచ్చి, మోపుని రెండు చేతులా ఎత్తి, అలవాటు ప్రకారం మళ్ళీ బల్ల మీద పెట్టబోయారు.

అమ్మ అడ్డం వచ్చింది. "దీన్ని పెట్టమాకండి బాబుగారూ. ఇది మీరే ఇంటికి తీసుకెళ్ళండి. తిరిగి పెట్టాల్సింది మడుగు."

బాబుగారికి కోపం రాలేదు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

"గుడి పాట వేరు, అది వేరు కదా రెబ్కా. బ్యాంకు లోను తెచ్చి కట్టాను."

"మొత్తం ఇవ్వమనట్లేదు. పూడ్చకుండా మిగిలిందాంట్లో గట్టెంబడి కోసుకోనివ్వండి. ఏప్రిల్‌లో మేం ఏం తినాలి?"

"ఏప్రిల్‌లో మీరు దాని మీద బతుకుతారని నాకెవరు చెప్పారు? కొనేముందు కాగితాలన్నీ తెప్పించుకుని చూశాను. ఆధారపడ్డ కుటుంబాలు సున్నా అని ఉంది. పదో ఇరవయ్యో ఉన్నాయని రాసుంటే నేను పాటకే వచ్చేవాణ్ణి కాదు." మోపు ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. "ఆ కాగితం పంపింది మీ జెస్సీయే. కింద దాని పేరే ఉంది."

అందరూ నా వైపు తిరిగారు. నాన్న కూడా. అమ్మ అందరికంటే ఆలస్యంగా తిరిగింది.

"మమ్మల్ని రాయలేదా?" అంది.

"లేదమ్మా. సున్నా అని రాశాను. ఎనిమిది నెలల నుంచి చెప్పలేకపోయాను."

అమ్మ తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆవిడ అలా చూస్తూనే ఉంది. సిగ్గుతో బయటికి పారిపోదామనుకున్నాను. కానీ ఈ ఎనిమిది నెలలూ నేను చేసింది అదే, లేవడం, తిరగడం, మళ్ళీ కూర్చోవడం. బల్ల మీద పండగ వస్తువులు రాసుకునే నోటుబుక్కు ఉంది. దాన్ని తిరగేసి, వెనక వైపు తెల్ల పేజీ తెరిచి, నాన్న పక్కన కూర్చున్నాను.

"జమ్ము కోసేవాళ్ళు ఒక్కొక్కరూ వచ్చి పేరు చెప్పండి. రేపు పొద్దున్నే తాసిల్దారు మేడం చేతికి ఇస్తాను. తప్పు నేనే రాశానని సంతకం కూడా పెడతాను."

"అమ్మకం అయిపోయిందిగా. ఇప్పుడు రాసి ఏం లాభమమ్మా?" అన్నారు ఇమ్మానియేలు గారు, మెల్లగా.

"లాభం ఉందో లేదో తెలీదండి. సున్నా మాత్రం అబద్ధం."

అప్పుడు నాన్న తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు. అమ్మ వైపు చెయ్యి చూపించాడు. ఆగస్టు తర్వాత మళ్ళీ ఆ గొంతు పూర్తిగా వచ్చింది.

"దాసరి రెబ్కా. ఒకటో కుటుంబం."

ఆడవాళ్ళు లేచారు. తలరాత మార్చే పని కాదని వాళ్ళకీ తెలుసు, అయినా వరసలో నిలబడ్డారు. షారోన్ వాళ్ళమ్మ, కంచె అవతలి నుంచి వచ్చిన పీరు భార్య ఖుర్షిదా, కర్ర ఊతంగా ముసలి సుందరమ్మ. ఒక్కో పేరూ నాన్న పెద్దూరికి వినపడేలా పలికాడు, నేను రాశాను. ఏడో కుటుంబం. పన్నెండో కుటుంబం. బాబుగారి కారు జనం అవతల ఉండిపోయింది, వెళ్ళాలంటే ఆ వరసలోంచే దారి అడగాలి. ఆయన అడగలేదు. ఇరవయ్యో కుటుంబం పేరు పలికేసరికి కుర్చీలో కూర్చుండిపోయారు, ఒళ్ళో జమ్ము మోపుతో.

నలభై ఒకటో కుటుంబంతో వరస అయిపోయింది. నేను గీత గీయబోతుంటే అమ్మ వచ్చి నా భుజం మీద నుంచి వంగి చూసింది. చదవడం రాదు, తన పేరు మాత్రం గుర్తుపడుతుంది. దాని మీద వేలు పెట్టింది.

"దీని కింద నీ పేరు కూడా రాయి" అంది. "మూడేళ్ళు ఆ జమ్ము మీదేగా చదివావు."

రాశాను.